సాయిలు ఎత్తిన చెయ్యి

జక్కలగడ్డ సాయిలు తన జొన్నచేలో మంచె మీద నిలబడి, చిలకల్ని తోలడానికి ఒడిసెలలో రాయి పెట్టి కుడిచెయ్యి పైకెత్తిన సమయానికి ఎవరో ఫొటో తీశారు. అతను చేసిన తప్పు అంతే. ఎత్తిన ఆ చెయ్యి దించడానికి తరవాత ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చింది.

ఊరికి పడమట, నల్లరేగడి చేల నడుమ ఒక పాత బురుజు ఉంది. ఎవరు కట్టించారని ఊళ్ళో అడిగితే తలా ఒక రాజు పేరు చెబుతారు. కాస్త గట్టిగా అడిగితే మా తాతే కట్టించాడంటారు. బురుజు సర్కారుది, దాని చుట్టూ ఉన్న చేను సాయిలుది. ఏటా యాసంగిలో, వానలు వెనకబట్టాక, అందులో జొన్న వేస్తాడు. ఇంటిల్లిపాదీ పొద్దున రొట్టె, మాపటికి రొట్టె తినే మనుషులు. ఏడాది పొడుగునా తినబోయే రొట్టెలన్నీ ఆ చేలోనే కంకులై నిలబడి ఉంటాయి. అందుకే చిలకల దండు వాలినప్పుడు సాయిలు గొంతు ఊరి అవతలికి వినిపిస్తుంది.

ఫొటో తీసినాయన పట్నం మనిషి. నెత్తిన గుడ్డటోపీ, మెడలో రెండు కెమెరాలు. పాత కోటలూ, గడీలూ, పల్లెటూరి పొలాలూ ఫొటోలు తియ్యడమే ఆయన పని. బురుజు చుట్టూ తిరిగి తిరిగి, ఎటు నుంచి చూసినా దీనికి అందం లేదని తేల్చుకుని పోబోతుండగా పొద్దు గూకింది, చిలకలు వాలాయి. సాయిలు "హోయ్!" అని ఒడిసెల ఎత్తాడు. దండంతా ఒక్కపెట్టున లేచి, బురుజు మీదుగా ఎర్రటి ఆకాశంలోకి పోయింది. కెమెరా టకటకమంది.

"మంచిగొచ్చిందా సారూ?" అన్నాడు సాయిలు మంచె మీంచి.

"అద్భుతం! ఇంకొకటి తీస్తాను. మీరు అలాగే ఉండండి."

సాయిలు అలాగే ఉన్నాడు. ఆ మాట తనకు ఎన్నాళ్ళు వర్తిస్తుందో అప్పుడతనికి తెలియదు.

ఆ ఫొటోకు బహుమానం వచ్చింది. దృశ్య సంరక్షణ మండలి అని సర్కారువారిది ఒకటి ఉంది. వాళ్ళు మరుసటేడు దాన్ని క్యాలెండర్‌లో ఫిబ్రవరి నెల మీద అచ్చేశారు. ఒక క్యాలెండర్ సాయిలుకూ పంపారు. సాయిలు జనవరి పోకముందే ఫిబ్రవరి కాగితం పైకి తిప్పి, గడప దాటగానే కనిపించేటట్టు గోడకు మేకు కొట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాని కింద నిలబడి కాసేపు చూసి గానీ చాయ్ తాగడానికి వీల్లేదు.

అతని భార్య గంగమణి చాట చేతపట్టుకునే వచ్చి చూసింది.

"నీ మొఖం యాడున్నదయ్యా ఇండ్ల? చెయ్యొక్కటే కనవడ్తున్నది."

"గదే నా చెయ్యి. గా చెయ్యికే ఇనాం ఇచ్చిన్రు."

"ఇనాం టోపీ ఆయనకిచ్చిన్రు. నీకు కాయిదం ఇచ్చిన్రు," అని ఆమె పోయి జొన్నలు చెరుగుకుంది.

కంకులు పాలుపోసుకునే వేళకు ఒక జీపు వచ్చింది. అందులోంచి దృశ్య సంరక్షణాధికారి చక్రధరం గారు దిగారు. ఆయన చేతిలో పటం కట్టించిన ఫొటో ఉంది. ఫొటోను కళ్ళ ముందు పట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి చేనునూ చూస్తూ, గట్టు మీద వెనక్కి వెనక్కి నడిచి, ఒకచోట ఆగి, మడమతో నేల తన్నారు. "ఇదియే దృశ్యబిందువు," అన్నారు. వెంట వచ్చిన మనుషులు అక్కడ ఒక తెల్లరాయి పాతారు.

"ఈ రాతిపై నిలిచి చూచినచో ఏమి కనబడవలెనో ఇందులో కలదు," అని చక్రధరం గారు ఫొటో చూపించారు. "ఇందు ఉన్నది అచ్చట ఉండవలెను. ఇందు లేనిది అచ్చట కనబడరాదు. ఇది మండలివారి మూలసూత్రము."

"మరి నేనేం జెయ్యాలె సారూ?"

"ఏమియు చేయనక్కరలేదు. ఏమియు చేయకుండుటయే మీ విధి."

సాయిలుకు ఆనందమైంది. ఇన్నేళ్ళలో సర్కారు మనిషి ఎవరూ అతన్ని ఏమీ చెయ్యవద్దని అడగలేదు. అయినా సంతకం పెట్టే ముందు కొంచెం తటపటాయించాడు. చక్రధరం గారు అతని భుజం తట్టి, "ఈ దృశ్యమున ప్రధాన మానవాంశము తమరే గదా!" అన్నారు. సాయిలు వెంటనే పెట్టేశాడు.

"ప్రధాన మానవాంశం," అన్నాడు ఆ సాయంత్రం గంగమణితో.

"అంటె?"

"అంటె నేనే."

మర్నాటి నుంచి మూలసూత్రం అమలైంది. చేని మూలన కరెంటు స్తంభం ఉంది. ఫొటోలో లేదు, పీకేశారు. ఫొటోలో సాయిలు నెత్తికి ఎర్ర తువ్వాల ఉంది. ఇప్పటిది వెలిసిపోయిందని కొత్తది ఇచ్చి, అది మరీ ఎర్రగా ఉందని ఉడకబెట్టి చుట్టమన్నారు. పగటిభోజనం వేళ నుంచి పొద్దుగూకే దాకా సందర్శనవేళ. ఆ వేళంతా సాయిలు మంచె మీద, మొహం పడమటికి పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి, చేతిలో ఒడిసెల పట్టుకుని నిలబడాలి. తెల్లరాయి దగ్గర మొగులయ్య అనే కావలిమనిషిని పెట్టారు. పక్క ఊరివాడే, నెమ్మదైనవాడు.

తొలిరోజునే గంగమణి సద్ది పట్టుకుని గట్టు ఎక్కింది. మొగులయ్య అడ్డం నిలబడ్డాడు.

"పోవద్దక్కా. నువ్వు బొమ్మల లేవు."

"నేను బొమ్మల లేకుంటేంది? మా ఆయన కడుపుల ఆకలున్నది గద!"

మొగులయ్య ఫొటోను దగ్గరగా చూశాడు. "ఆకలి గూడ బొమ్మల లేదక్కా," అన్నాడు బాధగా.

ఆమె ఆ రొట్టె అతనికే పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ మొగులయ్యకు ఆ ఇంటి మీద గౌరవం ఏర్పడింది.

రెండో చిక్కు చిలకలతో వచ్చింది. సాయిలు ఒడిసెలలో రాయి పెట్టబోతే చక్రధరం గారు కింది నుంచి చెయ్యి అడ్డం ఊపారు.

"పక్షులను భయపెట్టుట నిషిద్ధము. పక్షులు దృశ్యమున అంతర్భాగము."

"మరి నా చేతుల ఒడిసెలెందుకు సారూ?"

"అది ఫొటోలో ఉన్నది."

"మరి రాయి?"

చక్రధరం గారు జేబులోంచి భూతద్దం తీసి ఫొటో మీద పెట్టి చాలాసేపు వెతికారు. "రాయి కనబడుట లేదు," అన్నారు. "కాబట్టి రాయి లేదు."

అలా సాయిలు రాయి లేని ఒడిసెలతో నిలబడ్డాడు. ముందు చిలకలు ఆ చెయ్యిని చూసి భయపడ్డాయి. ఎత్తిన చెయ్యి ఎప్పుడు తిరుగుతుందా అని బురుజు మీద కూచుని కనిపెట్టుకుని ఉన్నాయి. తిరగలేదు. ఒకటి ధైర్యం చేసి దిగింది. దాని వెనక పది దిగాయి. ఆ తరవాత లెక్క పెట్టేవాడు లేడు. వారం తిరిగేసరికి అవి మంచె మీద కూడా వాలుతున్నాయి. ఒక ముదురు చిలకకైతే సాయిలు మోచేయి అచ్చొచ్చింది. కంకి విరుచుకొచ్చి అక్కడే కూచుని, గింజ ఒలుచుకుని, పొట్టు అతని తువ్వాల మీద వదిలేది.

కార్లలో జనం రావడం మొదలైంది. తెల్లరాయి ఎక్కి, కెమెరాలు సర్దుకుని, ఎదురుచూసి, దిగిపోయేవారు. ఫొటోలో చిలకలు ఎగురుతున్నాయి, ఇక్కడ తింటున్నాయి. మండలికి ఫిర్యాదులు పోయాయి. చక్రధరం గారు మళ్ళీ వచ్చారు.

"పక్షులేల ఎగురుట లేదు?"

"ఎగరాలంటె రాయి ఇసరాలె సారూ. ఉత్తిగెందుకెగుర్తయ్? తిండి ఈడనే ఉన్నదాయె."

"భయపెట్టరాదని చెప్పియుంటిమి. పక్షులు స్వచ్ఛందముగా ఎగురవలెను."

"గది వాటికెవరు జెప్పాలె?"

చక్రధరం గారు మొగులయ్య వైపు చూశారు. మొగులయ్య నేల వైపు చూశాడు. వారం పాటు పై ఆఫీసుతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిగాక, చప్పట్లకు అనుమతి వచ్చింది. అయితే ఆ చప్పట్లు భయపెట్టే ఉద్దేశంతో గాక, అభినందన ఉద్దేశంతోనే కొట్టాలి. అప్పటి నుంచి సాయంత్రాలు సందర్శకులందరూ తెల్లరాయి చుట్టూ నిలబడి చిలకలకు చప్పట్లు కొట్టేవారు. అవి తల వంచి చూసి, బాగా తింటున్నందుకే కొడుతున్నారనుకున్నాయో ఏమో, ఇంకాస్త ఉత్సాహంగా తిన్నాయి.

కంకి ఎండింది. చుట్టుపట్ల చేలన్నీ కోతకొచ్చాయి. గంగమణి జీపుకు అడ్డంపడి అడిగింది.

"సారూ, మా చేను గూడ ఎండింది. ఎప్పుడు గోసుకోవాలె?"

"కోతయా?" చక్రధరం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఫొటోలో పంట నిలిచియున్నది గదా!"

"ఉంటది సారూ, అప్పటికి కోతకు రాలే. ఇప్పుడొచ్చింది. ఎన్నడు దాక నిలవెట్టాలె?"

"ఫొటో ఉన్నంతవరకు," అని ఆయన జీపెక్కారు. ఎక్కి, మళ్ళీ తల బయటికి పెట్టి ఒక శుభవార్త చెప్పారు. వచ్చే శుక్రవారం మండలి సభ్యులు పరిశీలనకు వస్తున్నారు, బహుమానం పొందిన ఛాయాగ్రాహకుణ్ణి కూడా తీసుకువస్తున్నారు. వారికి తృప్తి కలిగితే దీన్ని శాశ్వత దృశ్యంగా ప్రకటిస్తారు.

"శాశ్వతమంటె?" అన్నాడు సాయిలు రాత్రి కంచం ముందు. ఎడమచేత్తో తింటున్నాడు. కుడిచెయ్యి కిందికి వచ్చింది గానీ వంగడం లేదు.

"అంటె ఇగ రొట్టెలు చిలకలకే. మనకు క్యాలెండరు," అంది గంగమణి.

సాయిలు గోడ వైపు చూశాడు. మొదటిసారిగా అతనికి ఆ చిత్రంలో తన చెయ్యి గాక, దాని కింద ఉన్న చేను కనబడింది. ఎంత చేను! అదంతా పోతే పిల్లలకు ఏం పెట్టాలి? నోటి దాకా వచ్చిన రొట్టెముక్క కంచంలో పెట్టేశాడు.

"నేనే సంతకం వెట్టిన," అన్నాడు.

"పెట్టినవు తియ్యి. చెయ్యి గుంజుతున్నదా?" అని ఆమె నూనె గిన్నె తెచ్చి భుజం రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ అంది, "బొమ్మల ఉన్నదే నడుస్తదని గా సారే అంటున్నడు గద. గట్లయితె బొమ్మలకు నేనే పోత."

సాయిలుకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. "నీ బొమ్మ ఎవరు దీస్తరే?"

ఆమె నూనె గిన్నె తీసి పెట్టింది. పొద్దున్నే కొడవలి నూరుకుని మొగులయ్య దగ్గరికి పోయింది.

"అన్నా, బురుజు ఎన్క మా చేను తునక ఒకటున్నది. తెల్లరాయి కాడికెంచి కనవడ్తదా?"

మొగులయ్య రాయి ఎక్కి చూశాడు. "బురుజు అడ్డమున్నదక్కా. కనవడదు."

"ఆడ గోస్కోవచ్చునా మరి?"

"కనవడనిది నాకెర్కలేదు," అన్నాడు మొగులయ్య, ఆమె తెచ్చిన రొట్టె విప్పుకుంటూ.

శుక్రవారం వచ్చింది. మండలి సభ్యులు తెల్లరాయి చుట్టూ కుర్చీలు వేసుకుని కూచున్నారు. టోపీ ఆయన మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించాడు. సాయిలు మంచె మీద చెయ్యెత్తాడు. చిలకలు చేలో వాలి ఉన్నాయి. చక్రధరం గారు స్వయంగా లేచి నిలబడి చప్పట్లు ప్రారంభించారు, సభ్యులందరూ అందుకున్నారు. సాయిలు మోచేతి మీది ముదురు చిలక ఒకసారి రెక్కలు దులుపుకుని, కాలు మార్చుకుని కూచుంది.

పొద్దు వాలిపోతోంది. టోపీ ఆయన ఆవులించాడు. "నేను తీసిన బొమ్మనే మళ్ళీ తీయమంటే ఎలాగండీ," అని గొణుక్కుంటూ, కాళ్ళు సాగదీయడానికి బురుజు వెనకవైపుకు నడిచాడు. నడిచి, ఆగిపోయాడు.

బురుజు వెనకనున్న చేను మీంచి ఒక ఆడమనిషి ఎదురు వస్తోంది. నెత్తిన నిండు గంప, గంప నిండా జొన్న కంకులు. రెండు చేతులతో గంప అంచు పట్టుకుంది. ఎదురెండకు ఆకుపచ్చ చీరకొంగు గడ్డం దాకా లాక్కుంది. వెనక కోసిన చేలోంచి దుమ్ము బంగారంలా లేస్తోంది. ఆ దుమ్ములో బురుజు కూడా, ఆ ఒక్కవైపు నుంచి చూస్తే, అందంగానే ఉంది.

"అమ్మా! అలాగే ఉండమ్మా!" అని టోపీ ఆయన కెమెరా కోసం పరుగెత్తాడు.

సాయిలుకు ఇదేమీ కనబడలేదు. బురుజు అడ్డం గనక, దాని అవతల కెమెరా టకటకలాడటం మాత్రం వినబడింది. అది తన చెయ్యి కోసం కాదని అతనికి అర్థమైంది. కాస్త మనసు చివుక్కుమన్న మాట నిజం.

కొత్త ఫొటో పాతదాన్ని మించిపోయింది. మండలి సభ్యులు అక్కడికక్కడే ముచ్చటపడ్డారు. రెండు వారాల్లో పాత దృశ్యం రద్దయి, కొత్త దృశ్యం ఖరారైంది. చక్రధరం గారు కొత్త పటం చంకన పెట్టుకుని దిగారు. ఈసారి బురుజు వెనకవైపున తెల్లరాయి పాతించారు. రాయెక్కి చూసి కనుబొమలు ముడిచారు. బురుజుకు అటూ ఇటూ, రెండు చెవుల్లాగా, ముందువైపు చేను తొంగిచూస్తోంది.

"అవి ఏమి?"

"జొన్నలు సారూ," అన్నాడు సాయిలు.

"ఇందులో లేవే!"

లేవు. పటం కట్టేటప్పుడు మండలివారు అందం కోసం అంచులు కత్తిరించారు. ఆ అంచులతో పాటు సాయిలు పంటా పోయింది.

"చూడుడు," అన్నారు చక్రధరం గారు కోపంగా, "దృశ్యమునకు విరుద్ధముగా పంటను నిలిపియుంచుట తీవ్రమైన ఉల్లంఘన. ఇరుగుపొరుగువారందరు కోత ముగించిరి. తమరింత తాత్సారము చేయుటకు కారణమేమి?"

సాయిలు నోరు తెరిచాడు. గంగమణి అతని కాలు తొక్కింది.

"తప్పయింది సారూ," అంది. "మనుషులు దొరుకుతలేరు."

చక్రధరం గారు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే మండలి ఆఫీసులోని మనుషులందరూ జీపుల్లో దిగారు. ఊళ్ళో కొడవళ్ళన్నీ అడిగి తీసుకున్నారు. గుమాస్తాలు ప్యాంట్లు మడిచి కంకులు కోస్తుంటే, చక్రధరం గారు గట్టు మీద నిలబడి, "ఎడమవైపు ఇంకను కనబడుచున్నది! ఇంకను కనబడుచున్నది!" అని అరిచారు. ఊరంతా వచ్చి చూసింది. ఏ యాసంగిలోనూ అంత శ్రద్ధగా కోత జరగలేదని ముసలివాళ్ళు అన్నారు. సాయంత్రానికి చేనూ మంచే రెండూ లేవు. చిలకలు తిన్నది పోగా మిగిలిన జొన్నలన్నీ సాయిలు ఇంటికి చేరాయి. మళ్ళీ యాసంగి దాకా తడుముకోనక్కరలేదు.

గుమాస్తాలు చేతులు కడుక్కుంటూ ఉంటే చక్రధరం గారు గంగమణికి నమస్కారం పెట్టారు.

"ఇకమీదట ప్రధాన మానవాంశము తమరే. ప్రతిదినము సందర్శనవేళ, గంప శిరస్సున ధరించి..."

"గా బొమ్మల నా మొఖం ఉన్నదా సారూ?" అంది ఆమె.

"ముఖము లేదు. కొంగు కలదు."

"కొంగున్నది, చీరున్నది, గంపున్నది. గంతేనా?"

"అంతే."

"మంచిది సారూ," అంది గంగమణి.

ఆయన జీపు మలుపు తిరిగేదాకా ఆగి, సాయిలు వైపు తిరిగింది. ఆ చూపు సాయిలుకు తెలుసు.

"నా తోటి గాదు," అన్నాడు ముందే.

"నాకు ఇంట్ల పనున్నది. గా జొన్నలు ఎవరు దంచాలె, ఎవరు ఇసరాలె? నువ్వు అలవాటున్నోనివి. చెయ్యెత్తి నిలవడుడు నీకు ఎర్కనే. అప్పుడు ఒక్క చెయ్యి, ఇప్పుడు రెండు."

"మీసమున్నదే నాకు!"

"కొంగు లోపటుంటది. ఎవరు జూస్తరు? రా, చీర గడ్త."

మర్నాడు సాయంత్రం ఆకుపచ్చ చీరలో, నెత్తిన కంకుల గంపతో, బురుజు పక్క నుంచి వచ్చిన మనిషిని మొగులయ్య రాయి పక్కన నిలబడి చూశాడు. పాదాల వైపు చూశాడు, మోచేతుల వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"సాయన్నా, మీసం బొమ్మల లేదే!"

"బయటికి కనవడ్తున్నదా?" అంది కొంగు.

"లేదు."

"మరి?"

"కనవడనిది నాకెర్కలేదు," అన్నాడు మొగులయ్య, దూరంగా పోయి నిలబడ్డాడు.

జీపు వెనక రెండు కార్లు వచ్చాయి. చక్రధరం గారు సందర్శకులను రాయి ఎక్కించి, "గ్రామీణ స్త్రీ యొక్క సహజ లావణ్యము గమనింపుడు," అన్నారు. వాళ్ళు గమనించారు. టోపీ ఆయన కూడా వచ్చాడు. తన ఫొటో ఎలా అమలవుతోందో చూసుకోవడానికి.

కొంగు లోపల సాయిలుకు చెమట కారుతోంది. గాలి అటు మళ్ళినప్పుడు ఇంటి వైపు నుంచి పెనం మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన వస్తోంది. ఇంకాసేపే, అనుకున్నాడు. అంతలో నెత్తి మీద గంప కొంచెం బరువెక్కింది. తరవాత ఇంకొంచెం. చేలో కంకి లేకపోయేసరికి చిలకలకు మిగిలింది ఆ గంపొక్కటే. దండంతా దాని మీదే వాలింది. పొట్టు కొంగు మీదికి రాలుతోంది. మోచేతి మీద ఒకటి వచ్చి కూచుంది. ఆ బరువు అతనికి పరిచయమే. ముదురు చిలక.

సాయిలు ఓర్చుకున్నాడు. రెండు చేతులూ గంప మీదే ఉండాలి, ఫొటోలో అట్లానే ఉన్నాయి. ఒడిసెల లేదు, రాయి అప్పుడూ లేదు. చిలక కంకి విరిచిన చప్పుడు సరిగ్గా చెవి పక్కనే అయింది. ఇది తన ఇంటి జొన్న. నిన్ననే కోసి తెచ్చుకున్న జొన్న.

"హోయ్!" అన్నాడు.

ఆ మోటుగొంతుకు దండంతా ఒక్కపెట్టున లేచింది. బురుజు మీదుగా, ఎర్రటి ఆకాశంలోకి, కొంగు ఎగిరిపోయేటంత గాలి విసురుతూ లేచింది. కెమెరాలన్నీ టకటకమన్నాయి.

"ఎవరది? ఎవరు అరచినది?" చక్రధరం గారు అటూ ఇటూ చూశారు.

"ఎవరు లేరు సారూ," అన్నాడు మొగులయ్య. "స్వచ్ఛందంగనే లేచినయ్."

సాయిలు వంచిన తల ఎత్తకుండా, పళ్ళతో కొంగు పట్టుకుని ఇంటివైపు ఒక అడుగు వేశాడు.

"అమ్మా!" అని టోపీ ఆయన ఆనందంతో కేక పెట్టాడు. "అద్భుతం! అలాగే ఉండమ్మా!"

సాయిలు అలాగే ఉన్నాడు.